గోడౌన్ పెట్టని రెండు లైన్లు

ఆఫీసులో అందరూ అతన్ని గోడౌన్ అనేవారు. ఆసుపత్రులకు ఆక్సిజన్ మిషన్లు చేసే కంపెనీలో ప్రోగ్రాములు రాస్తాడు. మనుషులు చదవగలిగే సోర్సు ఒక్కటే, ఆఫీసంతా ప్రోగ్రాములు దాచుకునే రిపోజిటరీలో పెట్టి ఊరుకోడు. దాన్ని కంపైల్ చేస్తే వచ్చే ఫైలు, మిషన్‌కి తప్ప ఎవరికీ అంతుపట్టనిది, అదీ తెచ్చి అందులోనే కుక్కుతాడు.

"ఎవరి కంప్యూటర్ ఎప్పుడు చస్తుందో ఏమో, ఉండనీయండయ్యా!" అనేవాడు. జాగ్రత్తపరుడే, కాదనలేం. ఆ జాగ్రత్తే కొంప ముంచింది.

ఒకసారి ఆక్సిజన్ పడిపోయినా అలారం మోగడం లేదని ఫిర్యాదు వచ్చింది. అవతల మిషన్లు లారీ ఎక్కబోతున్నాయి. హడావుడిగా తన ల్యాప్‌టాప్‌లో రెండు లైన్లు మార్చి, కంపైల్ చేసి, ఆ ఫైలు మాత్రం రిపోజిటరీలో పడేశాడు. మార్చిన సోర్సు రేపు పెడదాంలే అనుకున్నాడు. అలారం గణగణా మోగింది. ఇక సోర్సు సంగతి ఎవరికి గుర్తుంటుంది?

ఏడాది తిరిగాక కొత్తగా చేరిన అమ్మాయి ఆ చెత్తంతా చూసి తల పట్టుకుంది.

"అన్నయ్యా, ఈ కంపైల్ చేసినవన్నీ తీసేద్దామా? సోర్సు ఉందిగా, మళ్లీ చేసుకుందాం."

"తీసెయ్యమ్మా, పీడా వదిలిపోతుంది," అన్నాడు నవ్వుతూ.

ఆమె తీసేసింది. రిపోజిటరీలో ఉన్న పాత సోర్సుతోనే మళ్లీ కంపైల్ చేసింది. కొత్త మిషన్లలోకి అదే వెళ్లింది.

ఒక ఆసుపత్రిలో ఆక్సిజన్ పడిపోయి ఓ ముసలావిడ నిద్రలోనే పోయింది. అలారం మోగలేదు. కొడుకు ఆ పక్కనే కునుకు తీస్తున్నాడు, మోగితే లేచేవాడు.

విచారణలో వేళ్లన్నీ అమ్మాయి వైపే తిరిగాయి. "నేను తీసేసినందుకే ఆవిడ పోయిందా అన్నయ్యా?" అని వెక్కివెక్కి ఏడ్చింది. ఇంత మచ్చ పడ్డాక ఆమెకు ఇంకెక్కడా ఉద్యోగం దొరకదు.

అతనికేదో అనుమానం తగిలింది. ఇంటికెళ్లి పాత ల్యాప్‌టాప్ తెరిచాడు. ఆ రెండు లైన్లు అందులోనే ఉన్నాయి. రిపోజిటరీలో వెతికాడు, లేవు.

"ఎవరు చూశారు? చెరిపెయ్యండి. పిల్లల గతేంటి?" అంది సంగతి విన్న భార్య. సిగ్గుచేటు గానీ, అతనికి ఆ మాట వినాలనే అనిపించింది.

మర్నాడు విచారణ వాళ్ల ముందే ల్యాప్‌టాప్ తెరిచి ఆ రెండు లైన్లు రిపోజిటరీలో పెట్టాడు.

"ఏడాదికి ముందే పెట్టాల్సినవి సార్. ఆ పిల్ల తప్పేం లేదు."

లైన్ల పక్కన అతని పేరు, ఆవేళ్టి తేదీ పడ్డాయి. ముసలావిడ పోయి అప్పటికి నెల దాటింది.