పార పట్టుకున్న మనిషి

మా ముత్తాతగారు పెందుర్తి వైపు మూడు ఊళ్లకు మునసబు. తాతగారు రైలు పట్టాల కింద పరిచే చెక్కల కంట్రాక్టరు. ఆయన వస్తే వాల్తేరు స్టేషన్ మాస్టరు లేచి తన కుర్చీ ఇచ్చేవాడట. నాన్నగారు అదే స్టేషన్లో వరసలో నిలబడి టిక్కెట్టు కొన్నారు. నేను పాత రైళ్ల ఫొటోలు సేకరిస్తాను. దిగజారడమంటే ఇదేనని బంధువులంటారు. అననీండి.

మొన్న మా బావ వచ్చి గోడ మీది కొత్త ఫొటో చూశాడు. బొగ్గు ఇంజను, దాని ముందు కుర్చీలో తలపాగాతో తాతగారు, ఒక అంచున పార పట్టుకున్న మనిషి.

"ఏటి బావా, మీ తాత పక్కన ఆ పారోడెవడు? స్టూడియోలో సెప్తే సిటికెలో తీసేత్తారు."

తీయించనన్నాను.

కూర్మన్నపాలెంలో ఒక పెద్దావిడ ఇంట్లో ఆ ఫొటో ఉందని కొన్నాళ్ల కిందట నాకు ఫ్రేములు కట్టే అతను చెప్పాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను. ఆవిడ కొడుకుది స్టీల్‌ప్లాంటులో ఉద్యోగం. ఆవిడ తండ్రి ఒకప్పుడు ఇంజనులో బొగ్గు వేసిన ఫైర్‌మన్. గోడ మీద ఏసుప్రభువు క్యాలెండరు పక్కన, నా చిన్నతనం తరవాత మళ్లీ, తాతగారు కనిపించారు. అడిగినంత ఇస్తానన్నాను. గొంతు కంట్రాక్టరు గొంతులా ఉండేట్టు చూసుకున్నాను.

ఆవిడ చేటలో బియ్యం ఏరడం ఆపలేదు. "మాకది మా అయ్య ఫొటో బాబూ. మీ తాత మద్దిలో కూకున్నాడు, అంతే."

"ధర చెప్పండమ్మా."

"మీరు అమ్ముకున్నారని నాను కూడా అమ్ముకోవాలేటి?"

ఆ మాట తగలవలసిన చోటే తగిలింది. కానీ పీట మీద ఆవిడ వెన్ను నా వెన్ను కంటే నిటారుగా ఉంది. మా ఇంట్లో ఎవరో ఒకరు ఎప్పుడో అలా అని ఉండవలసింది.

చివరికి ఫోనుతో తీసుకోనిచ్చింది. "మా అయ్యని మాత్రం కోసెయ్యకు" అంది. మాటిచ్చాను. మా వంశంలో చాలా పోయాయి. ఇచ్చిన మాట వాటిలో లేదు. వాకిట్లో ఎండకు పెట్టి, నాలుగు అంచులూ పడేట్టు తీశాను.

ఇన్నేళ్లూ ఆ గోడ మీద ఫైర్‌మన్ మా తాతగారికి చోటిచ్చాడు. మా గోడ మీద ఆయనకు చోటివ్వడానికి మాకేం రోగం?

మా ఇంట్లోనూ ఆ ఫొటో ఒకటి ఉండేది. నాన్నగారు దాన్ని పాత సామాన్లవాడికి అమ్మారు. వాడికి కావలసింది టేకు ఫ్రేము. ఫొటో ఊరికే పోయింది.