ఎర్రదీపం మీద నల్ల టేపు

కోపం నాకు ముక్కు మీదే ఉంటుందని మా ఆవిడ అంటుంది. ఆ రోజు మాత్రం అది నెత్తికెక్కింది.

సుచిత్ర చౌరస్తా దగ్గరి మా కాలనీ నుంచి శామీర్‌పేటలో తను పాఠాలు చెప్పే బడికి ఆవిడను రోజూ పొద్దున్నే కారులో తీసుకెళ్లి దింపుతాను. నాలుగు నెలల క్రితం మీటర్లో ఎయిర్‌బ్యాగ్ దీపం ఎర్రగా వెలిగి, ఇక ఆరనని కూర్చుంది. కాలనీ మలుపులో ఉన్న మెకానిక్ ఒక పూట బండి ఉంచుకుని దాన్ని ఆర్పేశాడు. "బాగైందా, ఉట్టినే ఆరిందాండీ?" అని మా ఆవిడ అడిగింది. పంతులమ్మ ప్రశ్నలు బడిలో అడుక్కో అని విసుక్కున్నాను.

మొన్న బ్రేకులు కీచుమంటుంటే, తనని బడి దగ్గర దింపి, అక్కడే రోడ్డు పక్కనున్న మెకానిక్ షెడ్డుకు బండి తీసుకెళ్లాను. షెడ్డు పెద్దాయన తాళం తిప్పి, మీటరు వంక చూస్తూ ఉండిపోయాడు.

"ఎయిర్‌బ్యాగ్ లైట్ వస్తలేదేంది సార్?"

"అది ఎప్పుడో బాగు చేయించాను."

"అట్ల గాదు సార్. చాబీ తిప్పంగనే వెలగాలె, జెరసేపటికి పోవాలె. అస్సలుకే రాలేదంటే ఎవడో బంద్ జేసిండు."

మీటరు విప్పితే దీపం మీద నల్ల టేపు! పీకగానే మళ్లీ ఎర్రగా వెలిగింది. నా ఒళ్లు మండిపోయింది. నాలుగు నెలలు, రోజూ, కరీంనగర్ రోడ్డు లారీల మధ్య మా ఆవిడను నా పక్క సీట్లో కూర్చోబెట్టాను. ఏ లారీ అయినా గుద్ది ఉంటే ఆ సంచి తెరుచుకునేదే కాదేమో.

స్కానర్ తగిలిస్తే లోపం మా ఆవిడ కూర్చునే ఎడమ సీటు కింద ఉందని తేలింది. ఎయిర్‌బ్యాగ్ పొరపాటున పేలకుండా ఆయన బ్యాటరీ తీగ విప్పి, కాసేపు ఆగి, అప్పుడు సీటు కింద చెయ్యి పెట్టాడు. ఎయిర్‌బ్యాగ్ తీగల పసుపు రంగు ప్లగ్గు సగం ఊడి ఉంది. దాని పక్కనే ఎర్రగుడ్డలో కట్టిన కొబ్బరికాయ.

"గీ కాయ దొర్లుకుంట దొర్లుకుంట వైర్‌ను గుంజింది సార్. ఇంట్ల పెట్టుకోన్రి" అని ప్లగ్గు బిగించి, కాయను రెండు చేతులతో అందించాడు.

కారు కొన్నప్పుడు కీసర గుడిలో పూజ చేయించి, దిష్టి తగలకూడదని నేనే పెట్టాను. ఇంట్లో దేవుడి దగ్గర పెడదామని ఆవిడ అంటే, కాదు, కారులోనే ఉండాలని సీటు కిందకు తోసిందీ నేనే. కానీ అప్పుడా సంగతి తలకెక్కలేదు. కోపానికి ఇంకొకడు కావాలి కదా.

నేరుగా వెళ్లి కాలనీ మెకానిక్ మీద విరుచుకుపడ్డాను. "మనుషుల ప్రాణాలంటే ఆటలా ఉందా నీకు?"

వాడు చేతిలో పానా కూడా కింద పెట్టలేదు. "సీట్లు ఇప్పి చూడాలె, రెండు రోజులు వడ్తదని చెప్పిన. మీరే గద సార్, అదంతా వద్దు, లైటు కనపడకుంటే చాలన్నరు?"

అన్నాను. ఆఫీసు తొందరలో అచ్చం ఆ మాటే అన్నాను. నేనన్నంత మాత్రాన టేపు వేస్తావా అని మళ్లీ అరిచాను గానీ, గొంతులో పస లేదు.

మర్నాడు పొద్దున్న మా ఆవిడ వచ్చి నా పక్కన కూర్చుంది. తాళం తిప్పాను. దీపం వెలిగింది, ఆరింది. టేపు సంగతి, కొబ్బరికాయ సంగతి, మెకానిక్‌తో నేనన్న మాట, అన్నీ చెప్పేశాను.

ఆమె అరిచి ఉంటే బాగుండేది. బెల్టు విప్పుకుని, దిగి, వెళ్లి వెనక సీట్లో కూర్చుంది.