కాళ్ళ మావయ్య

ఆ రెజిమెంటు బ్యాండులో పెద్ద డోలు వాయించే ఆయనకి మనుషుల మొహాలతో పనిలేదు, కాళ్ళు చాలు. ముప్పయ్యేళ్ళు కవాతుకి దరువు అందించీ అందించీ, ఆయన చూపు మోకాళ్ళు దాటి పైకి లేవడం మానేసింది. అందరూ 'కాళ్ళ మావయ్య' అనేవారు. భార్యకి మాత్రం ఒళ్ళు మంట.

"నా మొహం ఎలా ఉంటుందో చెప్పండి చూద్దాం!"

"ఎందుకు చెప్పలేనూ? కుడి కాలు కాస్త ముందు పడుతుంది."

బ్యాండుమాస్టరుకి ఆయనంటే ప్రాణం. నిమిషానికి నూట పదహారు అడుగులు. ఒకటి ఎక్కువ కాదు, ఒకటి తక్కువ కాదు. తన గడియారం మీద అనుమానం వస్తే మాస్టరు ఆ డోలునే నమ్మేవాడు. ఓసారి సాక్షాత్తూ కల్నల్‌గారినే వరండాలో ఆపి, "సార్, మీ ఎడమ కాలు అలిగింది" అన్నాడు మావయ్య. నవ్వాలో కోప్పడాలో తెలియక, ఆనాటినుంచి కల్నల్‌గారు వెనక గుమ్మంలోంచి వెళ్ళేవారు.

ఇంతలో జెండా హవల్దారు పదవీ విరమణ కవాతు వచ్చింది. ఇరవై రెండేళ్ళు రెజిమెంటు జెండా మోసిన మనిషి, ఆఖరిసారీ తనే మోస్తానన్నాడు. అడుగు తప్పితే జెండా పక్కవాడికి అందించి వరుసలోంచి తప్పుకోవాలి. అక్కడి నియమం అది.

ఎండ పెళపెళలాడుతోంది. కవాతు సగం మైదానం దాటిందో లేదో, డోలు నెమ్మదించింది. నూట పదహారు కాస్తా నూట ఎనిమిదయింది! బాకాలు తడబడి దారికొచ్చాయి, సైనికులంతా ఆ దరువుకే నడిచారు. మాస్టరుకి పై ప్రాణాలు పైనే పోయాయి.

కవాతు ముగియగానే వాద్యాల గదిలో విరుచుకుపడ్డాడు.

"ఏం చేశావయ్యా? నిలబడి నిద్రపోయావా?"

"డోలు తోలు తడిసింది సార్."

"చినుకైనా పడలేదు కదయ్యా!"

"చెమట సార్."

అప్పుడే జెండా హవల్దారు గోడ పట్టుకుని లోపలికొచ్చి, స్టూలు మీద కూలబడి ప్యాంటు పైకి లాగాడు. మోకాలు గుమ్మడికాయలా వాచిపోయి ఉంది.

"ఇంట్లోవాళ్ళకే చెప్పలేదు. నీకెలా తెలిసిందయ్యా?"

"నెల్లాళ్ళుగా ఆ కాలు నాతో మొరపెట్టుకుంటూనే ఉంది" అన్నాడు మావయ్య, నేల చూస్తూ.

"ఇంకో పదడుగులు ఆ పాత వేగంలో వేసుంటే జెండా నా చేతిలో ఉండేది కాదు" అన్నాడు హవల్దారు.

ముప్పయ్యేళ్ళ పేరుని ఒక్క మోకాలి కోసం వదులుకున్నాడీ మనిషి అనుకుంటే మాస్టరుకి ముచ్చటేసింది. కానీ అధికారి కదా, "ఇంకోసారి డోలు తడవకూడదు!" అని గదమాయించి గుమ్మం దాటాడు.

"సార్" అని వెనకనుంచి వినిపించింది. "కొత్త బూట్లు కరుస్తున్నట్టున్నాయి. మడమ దగ్గర కాస్త నూనె రాయండి."

మాస్టరు దర్జాగా మలుపు తిరిగి, అటూ ఇటూ చూసి, బూట్లు విప్పి చేత్తో పట్టుకుని హాయిగా ఇంటికి నడిచాడు.