ఆగని శ్రీ, నాగదుర్గ మణికట్టు

శ్రమ గొప్పదనం మీద ఉపన్యాసాలిచ్చేవాళ్ళకి మణికట్టు వాచదు. పెద్దాపురంలో దొరబాబు డీటీపీ సెంటర్లో టైపు చేసే నాగదుర్గకి వాచింది. 2004 ఆషాఢం, మరిడమ్మ జాతర రోజులు. దాతల కరపత్రం ఇంకా ఆమె చేతిలోనే ఉంది. తలుపు మీద మాత్రం ‘ఆపరేటర్ కావలెను’ అన్న కాగితం అప్పుడే అంటించేశారు. అదీ ఆమే టైపు చేసింది.

“పొమ్మనట్లేదమ్మా. ఆ చేత్తో ఎన్నాళ్ళు లాగుతావ్?” అన్నాడు దొరబాబు.

ప్రతి దాత పేరు ముందూ ‘శ్రీ మరిడమ్మ అమ్మవారి కృపకు పాత్రులైన శ్రీ’ అని ఉండాలని జాతర కమిటీ పట్టు. ఇదంతా వేళ్ళెందుకు కొట్టాలి? ఆ కీబోర్డులో శ్రీకి ఒకటే కీ. అది నొక్కితే చాలు, వాక్యమంతా కంప్యూటరే కొట్టేలా నాగదుర్గ చిన్న ప్రోగ్రామ్ రాసింది. డిగ్రీ చదువు అందుకు సరిపోయింది. నొక్కింది. తెర నిండా శ్రీ, శ్రీ, శ్రీ. ఆగదే!

“ఏంటమ్మా, నీ మిషను శ్రీరామకోటి మొదలెట్టిందా?” అన్నాడు దొరబాబు.

ప్రూఫు కోసం వచ్చిన కమిటీ పెద్ద పల్లంరాజు గారు చెంపలేసుకున్నారు. “అమ్మవారు పలుకుతోందండి!”

“కాదండి బాబూ. ఏ కీ నొక్కారా అని కాపు కాసేదీ ప్రోగ్రామే, కీలు నొక్కేదీ ప్రోగ్రామే. తను నొక్కిన శ్రీని నేను నొక్కాననుకుని మళ్ళీ మొదలెడుతోందండి.”

“అయితే వాక్యంలో ఆ శ్రీలు తీసెయ్” అన్నాడు దొరబాబు.

“అమ్మవారికి శ్రీ తీసేస్తావా? నీ షాపే తీయించేస్తాను!” అన్నారు రాజుగారు.

“పోనీ వేరే కీ పెట్టుకో” అని దొరబాబు నాగదుర్గ వైపు తిరిగాడు.

“పేరు అనగానే వేలు దీని మీదకే పోతుందండి.”

వాక్యం కొడుతున్నంతసేపూ ఏ కీనీ పట్టించుకోవద్దని ప్రోగ్రామ్‌కి చెప్పి చూసింది. గోల ఆగింది. కానీ వాక్యం పూర్తికాకముందే ఆమె వేలు తర్వాతి శ్రీ నొక్కేసింది. దాన్నీ పట్టించుకోలేదు. పాపం, ఆ దాతకి అమ్మవారి కృప దక్కలేదు.

మళ్ళీ హెల్ప్ పేజీలు తిరగేసింది. ప్రోగ్రామ్ నొక్కిన ప్రతి కీకీ విండోసే ఓ గుర్తు తగిలిస్తుందట. గుర్తున్నవాటిని వదిలెయ్, లేనివాటినే పట్టించుకో. మార్పు అంతే. శ్రీ నొక్కింది. వాక్యం ఒక్కసారే వచ్చి, పేరు కోసం బుద్ధిగా ఆగింది.

సాయంత్రానికి కరపత్రం సిద్ధమైంది. దొరబాబు తలుపు మీది కాగితం పీకి, తిరగేసి ప్రింటర్లో పెట్టాడు.

“అదేంటండి?”

“ప్రూఫుకి. వెనక ఖాళీయేగా. ప్రింటు నేను తీస్తాను గానీ, నువ్వెళ్ళి ఆ చేతికి కట్టు వేయించుకునిరా.”