ఒంటి బూటు బామ్మ

ఉమెనో బామ్మ ప్రతి ఉదయం, బాటసారులనూ పిల్లలనూ కాచే జిజో స్వామి రాతివిగ్రహానికి నీళ్లు పోసి, ఆయన మెడలోని ఎర్రగుడ్డ సరిచేసి, దణ్ణం పెట్టుకుని, బూట్ల దొంగతనానికి బయలుదేరేది.

ఏటి ఒడ్డునున్న ఆ పాత కొండపల్లెనూ, చుట్టూ ఉన్న వనాలనూ చూడడానికి ఎక్కడెక్కడివాళ్లో వచ్చేవారు. గడ్డికప్పుల ఇళ్ల ముందు ఫొటోలు దిగి, ఒడ్డున బూట్లు విప్పి, మోకాలిలోతు పాయ దాటి ఇసుకతిన్నె మీద కూలబడేవారు. బామ్మ చీపురు ఊపుకుంటూ వచ్చి, ఉన్నవాటిలో ఖరీదైన బూటు ఏరి, ఒకే ఒక్కటి ఎత్తుకుని, రాతిమెట్లెక్కి స్వామి పాదాల దగ్గర పెట్టేది. బూటు తాలూకు మనిషి కుంటుకుంటూ వచ్చి తిట్లు లంకించుకుంటే, ముల్లంగి ఊరగాయ, వేడి టీ చేతికిచ్చి, "ముందు దణ్ణం పెట్టుకో నాయనా. బతికే ఉన్నావుగా," అనేది.

ఆమె పలకరింపులన్నీ అలాంటివే. కొత్త జంట కనిపిస్తే, "ఇద్దరూ కలిసే పోదామనుకున్నారా?" అనేది. పిల్లలు కనిపిస్తే, "ఎంత ముద్దుగా ఉన్నారో! మా ఏటికి ఇలాంటివాళ్లంటేనే ఇష్టం," అనేది.

ఫిర్యాదులన్నీ ఊరి పర్యాటక సంఘం పెద్ద కోహే నెత్తిన పడేవి. ఆకులు ఎర్రబడి జనం పోటెత్తిన ఆ శరత్తులో సంఘం తేల్చేసింది. ఇంకొక్క బూటు పోతే బామ్మను పట్నంలో వృద్ధాశ్రమానికి పంపెయ్యాలి. ఆ కబురు చెప్పడం కోహే వంతయింది. ఆమె వీపు మీద ఊగి పెరిగినవాడు.

మర్నాడు పొద్దున్నే ఆ మాట చెప్పడానికి ఏటికి వెళ్లాడు. పల్లెలో ఎండ. పై కొండల మీద మాత్రం ఆకాశం కమిలిపోయి ఉంది. తిన్నె మీద తల్లీ తండ్రీ చిన్నపాపా కూర్చుని, ఫొటో తియ్యమని చేతులూపారు. సంఘం పెద్ద కదా, కాదనలేక కోహే కొత్త తోలు బూట్లు విప్పి పాయ దాటాడు.

ఎగువన సైరన్ కూసింది.

"భోజనాల గంటా?" అంది తల్లి.

"ఆనకట్ట సైరన్ లెండి. తరచూ కూస్తూనే ఉంటుంది. నీళ్లు నిదానంగా వస్తాయి. ఇటు చూసి నవ్వండి," అన్నాడు కోహే.

"ఒరేయ్ కోహే! వచ్చెయ్యండ్రా!" ఒడ్డున బామ్మ అరిచింది. ఎవరూ తల తిప్పలేదు. బామ్మ వంగి పాప ఎర్రబూటు ఒకటి, కోహే తోలుబూటు ఒకటి అందుకుంది.

"బామ్మా! అది నాది!"

"తెలుసులేరా. పెళ్లికొడుకు బూటులా మెరుస్తోంది!"

పాప ఏడుపందుకుని పరిగెత్తింది. పాప వెనక తల్లీ తండ్రీ, వాళ్ల వెనక కోహే. "ఇదే ఆఖరిది! నిన్ను ఆశ్రమానికి పంపేస్తున్నాం!" అని మెట్ల మీద రొప్పుతూ అరిచాడు.

"పంపుదువుగాని. ముందు ఎక్కు."

సగం మెట్లెక్కేసరికి వెనక కొండ విరిగినంత చప్పుడైంది. తిరిగి చూస్తే తిన్నె లేదు. బురదనీళ్లలో చెట్లు వేళ్లతో సహా దొర్లిపోతున్నాయి. తల్లి పాపను ఒళ్లోకి లాక్కుని అక్కడే కూలబడిపోయింది.

కోహే బామ్మ వైపు తిరిగాడు. "ఒక్క కేక వెయ్యకూడదా బామ్మా?"

"వేశాను. విన్నావా? మా ఆయనా వినలేదు. గొంతు పోయేలా అరిస్తే, 'ఇంకొక్క చేప' అన్నాడు. చేపా దొరకలేదు, ఆయనా దొరకలేదు. ఆయన గడ్డిచెప్పులు మాత్రం ఒడ్డున జతగా అలాగే ఉన్నాయి. ఒకటి ఎత్తుకుపోయుంటే, పిసినిగొట్టు మనిషి, నన్ను తన్నడానికైనా పరిగెత్తుకొచ్చేవాడు."

కోహే మళ్లీ ఆశ్రమం మాట ఎత్తలేదు. పైకెక్కాక పాప స్వామికి దణ్ణం పెట్టి తన బూటు తొడుక్కుంది. బామ్మ మోకాలు రాసుకుంటూ కోహే బూటు తుడిచి అతని చేతికిచ్చింది.

"నాకో సాయం చెయ్యరా. ఈ మెట్లిక నావల్ల కాదు. రేపట్నుంచి నువ్వెత్తు."

"నేనా? సంఘం పెద్దని బామ్మా!"

"ఖరీదైనదే ఏరు. చవకదైతే పోతేపోయిందని కూర్చుంటారు. ఒక్కటే తియ్యి. జత తీస్తే దొంగవనుకుని పోలీసుల దగ్గరికి పోతారు. ఒక్కటి తీస్తే పిచ్చివాడివనుకుని నీ వెంటే పడతారు."