మోదుగులపల్లెకు టికెట్టు లేదు

కోరుట్లలో పొద్దున ఏడు గంటల జగిత్యాల బస్సు ఎక్కాను. ఈ ప్రయాణానికి కారణం మా చిన్నమ్మ ఫోను. "బిడ్డా, మా పల్లెకు ఆఫీసరు అస్తుండట. మనుషులు తక్కువున్నరు, నువ్వు గూడ రా" అంది. పెళ్లికీ పేరంటానికీ పిలిచేవాళ్లను చూశాను గానీ, జనాభా లెక్కకు పిలిచింది మా చిన్నమ్మ ఒక్కతే.

ఆమె ఉండే మోదుగులపల్లె కొడిమ్యాల దగ్గర ఓ శివారు పల్లె. కాగితాల మీద అది ఊరే కాదు, వాగవతలి పెద్దూరికి తోక. రేషను బియ్యానికైనా పింఛనుకైనా వాగు దాటాలి. వాన పడి వాగొచ్చిందంటే బియ్యం అటే, ఆకలి ఇటే. అందుకే తమ పల్లెను వేరే పంచాయతీ చేయమని వాళ్ల అర్జీ. సగం మంది సిరిసిల్లలో సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, పనికి పోయారు, పల్లెలో జనమే లేరని పెద్దూరి సర్పంచు అడ్డుపుల్ల వేస్తున్నాడు.

జగిత్యాలలో పూరీ తిని, టీ తాగి, తొమ్మిదింటికి కొడిమ్యాల బస్సు పట్టుకున్నాను. "మోదుగులపల్లె ఒకటి" అంటే కండక్టరు నన్ను ఎగాదిగా చూశాడు.

"గా స్టేజీ లేదమ్మా. పెద్దూరుకు తీసుకొని, ఆడ దిగి నడువుండ్రి."

పక్క సీట్లో పెగడపల్లి ముసలామె ముసిముసిగా నవ్వింది. "ఊరే లేకుంటే మనుషులెట్లున్నరు బిడ్డా?" అంది.

పెద్దూరు రాకముందే బస్సు ఆగిపోయింది. నడిరోడ్డు మీద రాళ్ల పొయ్యిలు, వాటి మీద పెద్ద పెద్ద వంట గంజులు. తెలంగాణ కోసం వంటావార్పు. దారికి అడ్డంగా వండి, అక్కడే బంతులు కట్టి తినడం ఆ రోజుల్లో మావాళ్ల నిరసన. గరిటె పట్టుకుని నిలబడ్డది ఎవరనుకున్నారు? మా చిన్నమ్మే! పల్లె మొత్తం అక్కడే ఉంది. మా బస్సు వెనకాలే ఆగిన జీపులో ఆ ఆఫీసరు ఉన్నాడు. ఎదురుచూస్తున్న మనిషినే దారిలో ఆపడం మావాళ్లకే చెల్లింది.

"మాపటికి అస్తడనుకున్న గదనే!" అని చిన్నమ్మ తల పట్టుకుంది.

ఆఫీసరు మాత్రం ఆకలి మీదున్నాడు. వంట అయ్యాక విస్తరి ముందు కూర్చుని, బంతులు చూసి, "మోదుగులపల్లెలో ఇంతమంది ఉన్నారా!" అన్నాడు. వంటావార్పుకు వచ్చి పక్కనే తింటున్న పెద్దూరి సర్పంచుకు పొలమారింది.

"సగం మంది సుట్టాలే సార్. గీ అమ్మనడుగుండ్రి" అని నన్ను చూపించాడు.

ఆఫీసరు నాది ఏ ఊరని అడిగాడు. నాకు అబద్ధం నోట రాలేదు. "కోరుట్ల" అన్నాను. చిన్నమ్మ మొహం వాడిపోయింది. నా ఒక్క మాటతో పల్లె మళ్లీ తోకగానే మిగిలిపోతుందేమోనని భయం వేసింది.

చిన్నమ్మ గరిటెతోనే సర్పంచు ముందుకు నడిచింది. "అవ్, సుట్టాలే! నువ్వు ధర్నాకు ట్రాక్టర్ల తెచ్చినోళ్లంత నీ ఇంట్ల పుట్టినోళ్లేనా? మన రాష్ట్రం మనకు గావాలంటవ్. మా పల్లె మాకు గావాలంటే తలకాయలు లెక్కవెడ్తవా సర్పంచు సాబ్?"

బంతులన్నీ గొల్లుమన్నాయి. సర్పంచూ నవ్వక తప్పలేదు, నోట్లో ఉన్నది మోదుగులపల్లె బువ్వాయె.

"సరె తియ్ అక్కా, పప్పెయ్యి. తీర్మానం పెడ్త" అన్నాడు.

"నేను పైకి రాస్తాను. చేయాల్సింది పైవాళ్లు" అని ఆఫీసరు చెయ్యి కడుక్కున్నాడు. ఆ పైవాళ్లు ఎప్పుడు చేస్తారో అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

సాయంత్రం నాలుగింటికి నన్ను సాగనంపడానికి చిన్నమ్మ పల్లె మలుపు దాకా వచ్చింది. అక్కడ బస్సు ఆగదు, పెద్దూరిదాకా నడవాలి. మేమింకా అడుగు వేయకముందే బస్సు వచ్చింది, ఆగింది. పొద్దున ఆ స్టేజీ లేదని చెప్పి, మధ్యాహ్నం బంతిలో రెండుసార్లు పప్పు అడిగి వేయించుకున్న కండక్టరే. దిగేవాళ్లు ఒక్కరూ లేకపోయినా తలుపులో నిలబడి, "మోదుగులపల్లె! మోదుగులపల్లె!" అని కేకేశాడు.

"ఇంకొక్కపారి అను కొడుకా" అంది చిన్నమ్మ.

ఆయన ఇంకా గట్టిగా అరిచాడు. బస్సు కదిలాక టికెట్టు చూసుకుంటే పెద్దూరి పేరే ఉంది. ఇదేంటని అడిగాను.

"మిషన్ల ఇంకా ఎక్కలేదమ్మా" అన్నాడు. "నా నోటికైతే ఎక్కింది."