ప్రభువా, ఈ అబ్బాయికి సాయం చెయ్యి

ముందు శాక్సఫోన్ ఆగిపోతుంది. ఆగిన చోట ఒక గ్లాసు బల్లకి తగిలి టింగుమంటుంది. ఎవరో గొంతు సవరించుకుంటారు. డ్రమ్ము మీద తీగల కుంచె మాత్రం ఎండుటాకులు ఊడుస్తున్నట్టు మెల్లగా తిరుగుతూనే ఉంటుంది. అప్పుడు, చాలా దగ్గర నుంచి, ఒక పెద్దావిడ గొంతు.

"ప్రభువా, ఈ అబ్బాయికి సాయం చెయ్యి."

మాట ముగిసీ ముగియకముందే శాక్సఫోన్ మళ్లీ లేస్తుంది. గచ్చు పగిలి నీళ్లు తన్నుకొచ్చినట్టు లేస్తుంది.

ఆ రికార్డు నేను మొదట విన్నది అలాంజో పీబుల్స్ కటింగ్ షాపులో. శాక్సఫోన్ వాయించే కోర్ట్‌లాండ్ బివెన్స్ కొత్త రికార్డు. షికాగో సౌత్ సైడ్‌లో, మా పేటలోనే ఉన్న మాగ్నోలియా లౌంజ్‌లో, ఒక ఆదివారం మధ్యాహ్నం జనం మధ్య వాయించగా తీసింది. ఆ జనంలో మేమూ ఉన్నాం. అందుకే షాపు నిండిపోయింది. జుట్టు లేనివాళ్లు కూడా వచ్చి కూర్చున్నారు. మా చప్పట్లు మాకే వినిపిస్తుంటే పెళ్లి ఫొటోలో తమ మొహాలు వెతుక్కునే చుట్టాల్లా అందరూ చెవులు రిక్కించారు. నాలుగో పాటలో ఆ గొంతు రాగానే నా మెడ మీద అలాంజో కత్తి ఆగిపోయింది. ఎవరో నవ్వబోయి మింగేశారు.

"ఇది మీ పైనింటి వెర్లీన్ కదూ," అన్నాడు అలాంజో.

అవును. మా మేడ మీద ఉండే మిస్ వెర్లీన్ హార్‌గ్రోవ్. రికార్డు అట్ట వెనక్కి తిప్పి చూస్తే నాలుగో పాట పేరే అది. ఆమె అన్న మాట, అక్షరం పొల్లుపోకుండా.

మేమంతా ఎందుకు నిర్ఘాంతపోయామో చెప్పాలి. మా నల్లవాళ్ల చర్చిల్లో ప్రసంగం పాస్టరు ఒక్కడిదీ కాదు. ఆయన ఒక వాక్యం అంటే బెంచీలు దానికి బదులిస్తాయి. బాగా సాగుతుంటే "చెప్పు పాస్టర్" అంటారు. ఇంకా బాగా సాగుతుంటే "నిదానంగా, తొందరేం లేదు" అంటారు. ఎప్పుడైనా ఆయన దారి తప్పి, అన్న మాటే అంటూ, కాగితం తిరగేస్తూ చెమటలు కక్కాడనుకోండి, బాగాలేదని ఎవరూ అనరు. ముందు బెంచీలో విసనకర్ర ఊపుకుంటున్న పెద్దావిడ ఎవరో, పైకి చూస్తూ, "ప్రభువా, ఈయనకి సాయం చెయ్యి" అంటుంది. బయటివాళ్లకి అది ప్రార్థన. మాకు మాత్రం దానికి ఒకటే అర్థం: మునిగిపోతున్నాడు, అందరికీ కనిపిస్తోంది. ఆ మాట విన్న పాస్టరు మధ్యాహ్నం భోజనం సరిగా చెయ్యలేడు.

ఆ అలవాటు ఆదివారం టోపీలతో పాటే చర్చి దాటి మాగ్నోలియా లౌంజ్‌కి వచ్చేసింది. వేదిక ముందు టేబులు మిస్ వెర్లీన్‌ది. ఎప్పుడూ ఎవరూ రాసివ్వలేదు, అయినా ఆమెదే. సిటీ బస్సు నడిపి రిటైరయిన మనిషి. కూర్చుంటే ఇప్పటికీ స్టీరింగు ముందున్నట్టే, వీపు నిటారుగా, కళ్లు రోడ్డు మీద. బివెన్స్ చిన్న చిన్న పెళ్లిళ్లలో వాయించే రోజుల నుంచీ ఆమె అతని మనిషి. అతని ప్రతి రికార్డూ ఆమె దగ్గరుంది. అయితే ఒక పాటని ఎదురుగా వినకుండా రికార్డులో వినేది కాదు. అలాంజోకి ఇది తలతిక్క అనిపించేది. రికార్డులో దగ్గులుండవు, గ్లాసుల మోత ఉండదు, మనిషి ఊదింది ఊదినట్టు వినొచ్చు అనేవాడు.

"రికార్డు రాత్రి మిగిలిన చేప, అలాంజో," అనేది ఆమె. "బాగానే ఉంటుంది. మూకుట్లో దాని చప్పుడు విన్నదాన్ని నేను."

నిజమే, అతన్ని ఎదురుగా వినడం వేరు. నెమ్మది పాట చివర అతను స్వరాన్ని సన్నంగా, ఇంకా సన్నంగా లాగితే, చివరికి శబ్దం పోయి వట్టి ఊపిరి మాత్రమే గొట్టంలోంచి వచ్చేది. చలికాలం పొద్దున సరస్సు మీద లేచే పొగలా ఉండేది ఆ ఊపిరి. దాన్ని వినడానికి సర్వర్లు ట్రేలు పట్టుకుని నడక ఆపేసేవారు. ఆ ఊపిరి ఆగేదాకా మిస్ వెర్లీన్ తన ఊపిరి బిగబట్టేది.

అలాంటి మనిషి నోటి నుంచి వచ్చిందా మాట. రికార్డుకెక్కింది. ఇక ఎప్పటికీ పోదు.

ఆమెకి ఎవరు చెప్పాలన్న ప్రశ్న వచ్చినప్పుడు షాపులో అందరూ నావైపే చూశారు. కింద ఇంట్లో ఉండేవాడివి, నువ్వే చెప్పు, ఆమె కొట్టినా తొందరగా ఇంటికి చేరతావు అన్నాడు అలాంజో.

నేను మెట్లెక్కేసరికి మిస్ వెర్లీన్ క్యాట్‌ఫిష్ ముక్కలు మొక్కజొన్న పిండిలో పొర్లించి మూకుట్లో వేస్తోంది. ఆ పాట ఎదురుగా విన్నదే కాబట్టి రికార్డు పెట్టడానికి ఒప్పుకుంది. నాలుగో పాట వచ్చింది. శాక్సఫోన్ ఆగింది. గ్లాసు మోగింది. గొంతు వచ్చింది.

"ఎవరా మనిషి," అంది చిరాగ్గా. "సమయం సందర్భం లేదా. పాట పాడు చేసింది."

ఆమె నా మొహం చూసింది. పిండి చేతులు అలాగే గాల్లో ఉండిపోయాయి. మళ్లీ పెట్టమంది. రెండోసారి ఆ గొంతు వచ్చేసరికి ఆమె పెదవులు కూడా దానితో కదిలాయి. మెల్లగా కుర్చీలో కూర్చుంది. మూకుట్లో చేప మాడుతున్న వాసన వస్తోంది. స్టవ్ నేనే ఆపాను.

"నా గొంతు ఇలా ఉంటుందా," అంది.

తర్వాత అట్ట అడిగింది. వెనక ఉన్న పేరు చదివి దాన్ని బోర్లా పెట్టింది. బయటివాళ్లకి అర్థం కాదని నేను చెప్పాను. రేడియోలో ఆ పాట వేసినాయన దాన్ని భక్తితో ఉప్పొంగిన కేక అన్నాడని కూడా చెప్పాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఊరందరి సంగతి నాకెందుకు? అతని తండ్రి పాస్టరు. ఆ పిల్లాడు రెండో బెంచీలో పెరిగాడు. ఆ మాటకి అర్థం అతనికి నేను చెప్పాలా?" చేతికంటిన పిండి దులుపుకుంటూ అంది, "నువ్వు మునిగిపోతున్నావని అందరి ముందూ అనేశాను. దాన్ని అతను పేరు పెట్టి మరీ అచ్చు వేయించాడు. ఇక ఆ టేబుల్ దగ్గర ఏ మొహం పెట్టుకుని కూర్చోను?"

ఆ ఆదివారం ఆమె వెళ్లలేదు. ఆ తర్వాత కూడా వెళ్లలేదు. ముందు టేబుల్ దగ్గర ఆమె కుర్చీ ఖాళీగానే ఉంది, ఎవరికీ కూర్చునే ధైర్యం లేదు. నన్ను ఎక్కువ భయపెట్టింది మా ఇల్లు. నా గది పైకప్పు మీదుగా ఎప్పుడూ బివెన్స్ రికార్డులు నడుస్తుండేవి. ఆమె ఇస్త్రీ చేస్తే నెమ్మది పాటలు, ఇల్లు ఊడిస్తే హుషారు పాటలు. ఇప్పుడు చెప్పుల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఎముక విరిగిన చోట ముందు తెలిసే తిమ్మిరిలా ఉండేది ఆ నిశ్శబ్దం.

ఈలోగా లౌంజ్‌లో మేము ఎవరమూ ఊహించనిది మొదలైంది. రికార్డు విని వేరే ఊళ్ల నుంచి కుర్రకారు రావడం మొదలుపెట్టారు. బివెన్స్ ఆ పాట ఎత్తుకుని ఆ చోటికి రాగానే వాళ్లంతా ఒక్క గొంతుతో, నవ్వుతూ, చేతులెత్తి, "ప్రభువా, ఈ అబ్బాయికి సాయం చెయ్యి" అని అరిచేవారు. అలా అరవడమే మర్యాద అనుకున్నారు పాపం. మొదటిసారి విన్నప్పుడు అలాంజో చేతిలోని ఫోర్కు ప్లేటులో పడింది.

ఒక ఆదివారం నేనూ అలాంజో లౌంజ్‌కి బయల్దేరుతుంటే, చర్చి నుంచి వస్తున్న మిస్ వెర్లీన్ మా ఇంటి మెట్ల మీద ఎదురుపడింది. అలాంజో ఆగలేకపోయాడు. "సిస్టర్, పెద్ద సంఘమే స్థాపించారు. మీరొక్కరే తిట్టేవారు, ఇప్పుడు హాలు హాలంతా లేచి నిలబడి తిడుతోంది."

ఆమెకి విషయం అర్థం కావడానికి కొంత సేపు పట్టింది. అర్థమయ్యాక రెయిలింగ్ పట్టుకుంది.

"ప్రతి వారమూనా?"

ప్రతి వారమూ.

ఇంట్లోకి వెళ్లలేదు. టోపీ సర్దుకుని మళ్లీ మెట్లు దిగింది. "పద. నా మాట నేనే వెనక్కి తెచ్చుకోవాలి," అంది.

మేము వెళ్లేసరికి బివెన్స్ ఆ పాటలోనే ఉన్నాడు. ఆమె తన కుర్చీలో కూర్చుంది. అతను కళ్లు మూసుకుని ఉన్నాడు, చూడలేదు. ఆ చోటు వచ్చింది. శాక్సఫోన్ ఆగింది. హాలంతా సంబరంగా అరిచింది. అతను మళ్లీ వాయించాడు. ఏ తప్పూ లేదు, రికార్డులో ఉన్నట్టే ఉంది. మిగతావాళ్లు కళ్లు తుడుచుకున్నారు. మిస్ వెర్లీన్ మాత్రం, పిల్లాడి నుదుటి మీద చెయ్యి వేసి జ్వరం చూసినట్టు, తల వంచి విని, ముడుచుకుపోయింది.

పాటయ్యాక అతను కళ్లు తెరిచి ఆమెను చూశాడు. వేదిక దిగి సరాసరి వచ్చి ఎదురు కుర్చీలో కూర్చున్నాడు. ఆమె ముందే మొదలుపెట్టింది.

"నాయనా, ఆ రోజు నేను ప్రార్థన చేశానని నువ్వు అనుకుని ఉంటే, అబద్ధం మొయ్యడం నావల్ల కాదు. నేను ప్రార్థన చెయ్యలేదు."

"తెలుసు, మిస్ వెర్లీన్."

"నువ్వు అధ్వాన్నంగా వాయిస్తున్నావు."

"అదీ తెలుసు."

రికార్డు తీసిన రోజు పొద్దున అతని తండ్రికి పక్షవాతం వచ్చి మాట పడిపోయిందట. అతను ఆసుపత్రి నుంచి నేరుగా లౌంజ్‌కి వచ్చాడు. పాట మధ్యలో తనెక్కడున్నాడో మర్చిపోయాడు. వేళ్లున్నాయి, ఊపిరుంది, తర్వాత ఏమిటన్నది లేదు. అందుకే ఆగాడు. అది గొప్ప విరామమని హాలంతా అనుకుని ఊపిరి బిగబట్టింది. కళ్లు మూసుకుని, ఇక శాక్సఫోన్ పెట్టెలో పెట్టి ఇంటికి వెళ్లిపోదాం, మళ్లీ వాయించవద్దు అనుకుంటున్నాడట. అప్పుడు ఆమె గొంతు.

"నాకెంత కోపం వచ్చిందో తెలుసా మీ మీద," అన్నాడు. "మా నాన్న అక్కడ మంచం మీద మాట లేకుండా ఉంటే, ఇక్కడ ఈ ముసలమ్మ నన్ను చర్చి తిట్టు తిడుతుందా అనుకున్నాను. ఆ తర్వాత వాయించిందంతా మీ మీద కోపమే. జనం దాన్ని విని ఏడుస్తున్నామని చెబుతుంటే నాకు ఏమనాలో తెలియడం లేదు. ఆ గొంతు చెరిపేద్దామన్నారు రికార్డు వాళ్లు. అది తీసేస్తే ఆ తర్వాత పాటే లేదు, ఉంచండి, పేరు కూడా అదే పెట్టండి అన్నాను."

మిస్ వెర్లీన్ టోపీ తీసి బల్ల మీద పెట్టింది. లౌంజ్‌లో ఆమె టోపీ తియ్యడం నేను అంతకుముందు చూడలేదు.

అతను తల దించుకుని శాక్సఫోన్ మెడపట్టీని వేలికి చుట్టుకుంటూ మెల్లగా అన్నాడు. "ఇప్పుడు ఆ మాట అందరూ పొగడ్తగా అరుస్తారు. బాగా వాయించినా అరుస్తారు, చెత్తగా వాయించినా అరుస్తారు. మీరు మానేశాక నాకు నిజం చెప్పేవాళ్లు లేరు. ఇవాళ ఎలా ఉంది?"

ఆమె అతని కళ్లలోకి చూసింది. "చచ్చింది," అంది. "నీ రికార్డుని నువ్వే చూసి రాస్తున్నావు."

అతను నవ్వలేదు. దెబ్బ తిన్నవాడిలా ఒక్క క్షణం కూర్చుని, లేచి వేదిక ఎక్కాడు. రెండో విడతలో మళ్లీ అదే పాట ఎత్తుకున్నాడు. డ్రమ్ములాయన తెల్లబోయి చూశాడు. ఆ చోటు వచ్చింది. కుర్రకారు చేతులెత్తి అరవడానికి సిద్ధమయ్యారు. అతను ఆగలేదు. ఆగకుండా అక్కడి నుంచి మేమెవరమూ ఎరగని చోటికి వెళ్లిపోయాడు. వాళ్ల అరుపు నోళ్లలోనే ఉండిపోయింది. స్వరం చీలింది, మొరిగింది, ఒకచోట పసిపిల్లాడి వెక్కిలా తెగింది. చివర ఆ సన్నటి ఊపిరి వచ్చింది. ఎంతకీ ఆగదే. ఆగాక చప్పట్లు కొట్టాలన్న సంగతి హాలుకి తోచలేదు. అతను గుండె ఎగసిపడుతుండగా ముందు టేబుల్ వైపు చూశాడు.

మిస్ వెర్లీన్ పెదవులు బిగించి, వేపుడు చేప మీద కారం సాస్ చల్లుకుంటూ, తలెత్తలేదు.

ఇంటికి తిరిగొచ్చాక ఆమె రెయిలింగ్ పట్టుకుని, సగం మెట్లెక్కి ఆగింది. ఆ తర్వాతి ఆదివారం ఆమెకు రాలేదు. వారం మధ్యలో నిద్రలోనే పోయింది. కాబట్టి ఆ మెట్ల మీద, వెనక్కి తిరగకుండా ఆమె అన్నవే నేను విన్న ఆఖరి మాటలు.

"బ్రహ్మాండంగా వాయించాడు. అతనితో మాత్రం అనకు."